నిత్యజీవితమున గృహసౌఖ్యము



నేడు నేను మీతో ముచ్చటింపదలచిన విషయము చూచుటకు చిన్నది. ఇంటిలో సుఖముగా నుండుట యెట్లు? ఇల్లు కట్టుట యెట్లో తాపీపనివాడు చెప్పగలడు. చేను పండించుట యెట్లో రైతు చెప్పగలడు. కట్టిన యింటిలో, పండిన ధాన్యము తినుచు, సుఖముగా బ్రదుకుట యెట్లో చెప్పుడన్నచో మనలో ఒకరు "ధనమున్నచో సుఖమే" యందురు. మఱొకరు "పిల్లలు చెప్పినట్లు విన్నచో సుఖమే" యందురు. ఇంకొకరు "అంతయు నుదుటివ్రాత" యని నిట్టూర్తురు. ఈ మూడు సమాధానములను జాగ్రత్తగా చూచినచో ఒక వింత కానవచ్చును. ధనము తనంతట రావలెను, పిల్లలు వినవలెను, బ్రహ్మదేవుడు వ్రాయవలెను. మనము మాత్రము వీధియరుగుమీద కూర్చుండి కనిపెట్టుకొని యుండవలెను! మనము చేయవలసిన పని ఒక్కటియు ఆ సమాధానములలో లేదు. ఆ పని యేదో యోచించుటయే నేటి నా ప్రసంగమునకు ఉద్దేశము.

నేను ద్రాక్షారామమున నివసించువాడను. మా యూరి భీమేశ్వరాలయమును చూడనివారు ఈ ప్రాంతమున తక్కువ. అది పంచారామములలో నొకటి. అమ్మవారు మాణిక్యాంబ కొలువైన చోటు అష్టాదశ శక్తిపీఠములలో నొకటిగా ప్రసిద్ధి కెక్కినది. శ్రీనాథుడు భీమేశ్వరపురాణమును ఈ క్షేత్రమును గుఱించియే రచించెను. యాత్రికులు సప్తగోదావరి గుండమున కాళ్లు కడుగుకొని, క్రిందియంతస్తునను మీదియంతస్తునను స్వామిని దర్శించి మరలిపోవుదురు. అక్కడ ఱాతిమీద చెక్కియున్న శాసనములయొద్ద నిలుచువారు మాత్రము అరుదు. ఆ శాసనములు వందలకొలది కలవు. పండితులు వానిని సేకరించి దక్షిణ హిందూదేశ శాసనముల నాలుగవ సంపుటమున అచ్చువేయించినారు. వానిలో తఱచుగా కానవచ్చు దానము అఖండదీపము.

అఖండదీప దానమనగా నేమి? దీపమును వెలిగించుట ఒక్క నిమిషము పని. దానిని ఆఱకుండ నిలుపుటయే కష్టము. అందుచేత దాతలు దీపమును మాత్రమే యిచ్చి యూరకుండక, కొన్ని గొఱ్ఱెలనో ఆవులనో దానముచేసి, వానిని కాపరికి అప్పగించి, ఆతడు ప్రతిదినము ఇంత నేయి కొలిచి యీయవలెనని ఏర్పాటుచేసి, ఆ మాటను ఱాతిమీద చెక్కించిరి. అఖండదీపమనగా గొప్ప దీపమేమియు కాదు. ఒక్క దినమైనను తప్పని కొలతకు ఆ పేరు వచ్చినది. గృహసౌఖ్యమును అట్టిదే యని నా యభిప్రాయము.

మనము ఇందుకు విరుద్ధముగా నడుచుచున్నాము. సంక్రాంతికి ఇంటికి సున్నము వేయించుచున్నాము. కనుమనాడు జగ్గన్నతోట తీర్థమునకు పదునొకండు గ్రామముల రుద్రుల ప్రభలు కదలివచ్చునపుడు కొడుకులు, కోడండ్రు, మనుమలు, అందఱును కలసి చూడబోవుచున్నాము. ఆ మూడు దినములు ఇల్లు కళకళలాడును. నాలుగవ దినమున బస్సు కదలును. ఆ సాయంకాలమునుండి మఱల పండుగ వచ్చువఱకు ఇంట మిగిలిన ఇద్దఱును "అన్నమైనదా?", "తలుపు వేసితివా?" యను రెండు మాటలతో సరిపెట్టుకొందురు. పండుగ చెడ్డదని నేననను. నేతినంతయు మూడు దినములలో కుమ్మరించి, తక్కిన మూడువందల అఱువది దినములు వత్తిని ఎండనిచ్చుట చెడ్డదనుచున్నాను.

సుఖమునకు మూలము మనవారితో నిత్యము గల పొందికయే యని నేడు శాస్త్రజ్ఞులును చెప్పుచున్నారు. మదరాసు రేడియో కేంద్రము మొదలైన 1938వ సంవత్సరముననే అమెరికా దేశమున హార్వర్డు విశ్వవిద్యాలయమువారు 268 మంది విద్యార్థుల జీవితములను పరీక్షింప నారంభించిరి. పిమ్మట బోస్టను నగరములోని పేదపేటల బాలురు 456 మందిని ఆ లెక్కలోనికి చేర్చిరి. ఆ బాలురు పెద్దవారై, ముదుసలులై, గతించువఱకును వారి ఆరోగ్యము, ఉద్యోగము, వివాహము, అన్నిటిని గూర్చి వ్రాసి యుంచిరి. ఏబదియవ యేట తమవారితో పొందికగా నుండి తృప్తినందినవారే ఎనుబదియవ యేట ఎక్కువ ఆరోగ్యముతో నుండిరని తేలినది. ధనమును కీర్తియు అంతగా అక్కఱకు రాలేదు. ఇది మన ముత్తవ్వలకు తెలియని సంగతి కాదు. కాని ఎనుబది యేండ్లకు పైగా లెక్కకట్టి చెప్పినపుడు ఆ మాటకు బలము హెచ్చును.

అయితే ఈ పొందిక తీయని మాటలతోనే రాదు. అది చెడుటకు మొదటి కారణము ఇంటి పనిభారము ఒకరి తలమీదనే పడుటయు, పడినట్లు తక్కినవారు ఎఱుగకుండుటయు. జనులు దినములోని 24 గంటలను ఎట్లు గడుపుచున్నారో భారత ప్రభుత్వమువారు 2019లో దేశమంతట లెక్కవేయించిరి. ఆఱేండ్లును ఆపైని వయస్సును గలవారిలో, తమ యింటివారికొఱకు జీతములేని ఇంటిపని చేయువారు స్త్రీలలో నూటికి 81 మంది. పురుషులలో నూటికి 26 మంది. అట్లు చేయువారిలో స్త్రీ దినమునకు 299 నిమిషములు, పురుషుడు 97 నిమిషములు ఆ పనిలో గడుపుచున్నట్లు తేలినది. 2024లో మఱల లెక్కింపగా ఆ సంఖ్యలు 289, 88 అయినవి. ఇరువురి పనియు కొంత తగ్గినది. ఇరువురికి నడిమి భేదము మాత్రము 202 నిమిషములనుండి 201 నిమిషములకు దిగినది. ఐదేండ్లలో ఒక్క నిమిషము!

ఇంటి పనిముట్లు మాఱలేదా యన్నచో చాల మాఱినవి. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియై కాలువలు పాఱిన పిమ్మట మన డెల్టాకు పంటలు కలిగినవి. కాని కాలువనుండి బిందెతో నీరు మోయుట స్త్రీలకు తప్పలేదు. తరువాత వీధికొళాయి వచ్చినది. పలుచోట్ల ఇంటికొళాయి వచ్చినది. 1999లో మన రాష్ట్రమున దీపము పథకము మొదలై పేదయిండ్లకును గ్యాసుపొయ్యిని చేర్చినది. ఊదుడుగొట్టముతో ఊది కన్నులు ఎఱ్ఱచేసికొను బాధ అనేకులకు తీఱినది. దంపుళ్లు పోయి మిల్లు వచ్చినది. రుబ్బురోలు మూలకు చేరి గ్రైండరు వచ్చినది. యంత్రము చేతినొప్పిని తగ్గించినది. కాని "ఈ పని ఎవరిది?" యను ప్రశ్నకు యంత్రము సమాధానము చెప్పజాలదు. అది ఇంటి పెద్ద చెప్పవలసినది.

ఇక్కడ మీకొక సంగతి జ్ఞప్తిచేయుదును. మన కోనసీమ గ్రామములనుండి కువైటు మొదలగు దేశములకు ఇండ్లలో పనిచేయుటకై పోయిన స్త్రీలు అనేకులు కలరు. వారు అక్కడ చేయునదేమి? వంట వండుట, గదులు ఊడ్చుట, బట్టలుతుకుట, పిల్లలను లాలించుట, ముసలివారికి సపర్యలు చేయుట. అందుకు వారికి నెలజీతము ముట్టును. ఆ జీతముతో ఇక్కడ అప్పు తీఱును, ఆడపిల్ల పెండ్లి యగును, డాబా లేచును. ఆమె ఇంట నున్నంతకాలమును ఈ పనులనే చేసినది. అప్పుడెవరైన "మీ యింటావిడ ఏమిచేయుచున్నది?" అని యడిగినచో "ఏమియు లేదు, ఇంటనే యుండును" అని మనవారు బదులు చెప్పిరి! సముద్రము దాటినంతమాత్రమున ఆ పనికి వెల పుట్టినదా? పని అప్పుడును ఇప్పుడును ఒక్కటే. ఇక్కడ ఆ వెలను చూచినవారు లేరు.

మన దేశపు అత్యున్నత న్యాయస్థానమువారు 2021 జనవరి 5వ తేదీన ఇచ్చిన యొక తీర్పులో ఈ సంగతినే విచారించిరి. రోడ్డు ప్రమాదమున మరణించిన దంపతుల కుటుంబమునకు నష్టపరిహారము నిర్ణయించునపుడు, జీతములేని గృహిణి పనికిని ఆదాయము లెక్కకట్టవలెనని చెప్పిరి. అందు వేఱుగా తన యభిప్రాయమును వ్రాసిన న్యాయమూర్తి మన తెలుగువారగు నూతలపాటి వెంకటరమణగారు. నేను పైని చెప్పిన 2019వ సంవత్సరపు లెక్కలను ఆయన అందు ఉదహరించిరి. స్త్రీ గతించిన పిమ్మట న్యాయస్థానము కట్టు వెలను, ఆమె కన్నులయెదుట తిరుగుచుండగా మనము ఒక మంచిమాటతోనైనను కట్టలేమా?

మా వీధిలో నొక పెద్దమనుష్యుడు కలరు. ఉద్యోగవిరమణ యైన తరువాత ఆయనకు ఇంట ప్రొద్దుపోదు; భార్యకు పనితో ప్రొద్దుచాలదు. సాయంకాలము నాలుగు గంటలకు పడకకుర్చీనుండి "ఏమేవ్, కాఫీ!" యని ఆయన కేకవేయుట వాడుక. ఒకనాడు ఆమెకు మోకాలినొప్పి హెచ్చి లేవలేకపోగా ఆయనయే వంటయింటికి పోయిరి. పంచదార డబ్బా యేదో తెలియలేదు. ఒక్కొక్క మూతయే తీసి చూచుచుండగా, "ముప్పదియెనిమిదేండ్లనుండి ఈ యింట నున్నారు. పంచదార డబ్బా యెఱుగరా అండీ!" యని ఆమె మంచముమీదనుండి నవ్వినది. మఱునాటినుండి సాయంకాలపు కాఫీ ఆయన వంతైనది. క్రమముగా కూరలు తఱుగుటయు ఆయన వంతైనది. ఆయన నాతో ఇట్లు చెప్పిరి: "దానికి బరువెంత తగ్గినదో నేనెఱుగను. నాకు దొరికినది మాత్రము హెచ్చు. కత్తిపీటయొద్ద కూర్చున్నపుడు అది చెప్పిన సంగతులు ఇన్నేండ్లలో నేను వినలేదు."

"మగవాడు వంటయింట అడుగుపెట్టినచో నలుగురు నవ్వరా?" యని కొందఱు శంకింతురు. మంచి వంటకు మనవారు పెట్టిన పేరు నలభీమపాకము. నలుడును భీముడును పురుషులే గదా! పెండ్లిండ్లలో వేలమందికి వండి వార్చువారిలోను మగవారే హెచ్చు. వేయిమందికి వండినపుడు గౌరవమైన పని, ఇద్దఱికి వండినపుడు అవమానమగునా?

దంపతులు ఒకే పనిలో పాలుగొన్నచో ఇంటికి ఎంత బలము కలుగునో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కఱలేదు. గోదావరి తీరమునగల రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11వ తేదీన కందుకూరి వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహమును జరిపించిరి. అందుపై ఊరివారు వెలివేయగా వారి యింట వంటవారును నీరు తెచ్చువారును పని మానివేసిరి. అప్పుడు భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి పోయి నీరు తెచ్చి, తామే వండి, ఇంటికి వచ్చినవారికి వడ్డించిరి. పంతులుగారి ఉపన్యాసములను లోకము వినినది. ఆ యుపన్యాసముల వెనుక ఆ బిందె యున్నది. 1910లో ఆమె గతించువఱకును వారి కార్యములన్నిటియందును ఆమె తోడుగా నిలిచెను. పంతులుగారును తమ స్వీయచరిత్రమున ఆమె సాయమును మఱువలేదు. భార్య చేసిన పనిని భర్త నలుగురిలో చెప్పుటయు ఇంటి దీపమునకు నేయియే.

ఇక భోజనముమాట. మన యిండ్లలో మగవారు మొదట, పిల్లలు పిమ్మట, వండినయామె చివర తినుట పలుచోట్ల ఇంకను కలదు. ఆమె కూర్చుండువఱకు కూర అడుగంటును, పులుసు చల్లారును, పలుకరించువారు ఉండరు. దినమునకు ఒక్కపూటయైనను అందఱును ఒకేసారి కూర్చుండి, గిన్నెలు నడుమ నుంచుకొని, ఎవరికి వారు వడ్డించుకొని తినుడని నా మనవి. ఆ పూట టెలివిజను మాటాడరాదు. ఫోను చేతిలో నుండరాదు. మొదటి దినమున ఎవరికిని మాట తోచదు. నాలుగవ దినమున మనుమడు బడిసంగతి చెప్పును. పదియవ దినమున కోడలు తన పుట్టింటి సంగతి చెప్పును. వినువారున్నారని నమ్మకము కలిగినపుడే మనుష్యుడు మనస్సు విప్పును. ఆ నమ్మకము ఒక్క దినమున రాదు.

మాటనుగూర్చియు ఒక మాట. ఉప్పు తక్కువైననాడు చెప్పుదుము, సరిపోయిననాడు చెప్పము. ఏడాదిలో మూడువందల దినములు ఉప్పు సరిపోయినను, ఆ యింట వినబడినది తక్కువైన దినములనుగూర్చిన మాటయే యగును. "అమ్మాయీ, నేడు పప్పుచారు బాగున్నదమ్మా" యని మామగారు అన్నచో ఆయన పెద్దఱికమునకు వచ్చిన లోటేమి? అట్లే కోడలును "మామయ్యగారూ, కాళ్లనొప్పి తగ్గినదా అండీ?" యని యడిగిన నాడు ఆయన మందు సగము పనిచేసినట్లే. పొగడ్త వేఱు, గుర్తింపు వేఱు. పొగడ్త అతియైనచో వెగటగును. గుర్తింపునకు ఆ భయము లేదు.

ఇంటి జమాఖర్చు రెండవ రహస్యము. పలుకుటుంబములలో అప్పెంతయున్నదో యజమానునకు దక్క ఎవరికిని తెలియదు. వడ్డివ్యాపారి వాకిట నిలిచినపుడు భార్య మొదటిసారి వినును. ఒక చిన్న పుస్తకము, ఒక పెన్సిలు, నెలకొకమాఱు అరగంట. వచ్చినదెంత, పోయినదెంత, ఈయవలసినదెంత యని ఇద్దఱును కూర్చుండి చూచుకొన్నచో, ధనము పెరుగకపోయినను అనుమానము తరుగును. లేమివలన వచ్చు కలహములకంటె దాపరికమువలన వచ్చు కలహములు తీవ్రములు.

అయితే అన్ని దుఃఖములును మంచిమాటకు లొంగవు. మగవాడు త్రాగివచ్చి చేయిచేసికొను ఇంట కూరలు తఱుగుటను గూర్చి ఉపన్యసించుట పరిహాసమగును. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వయోజన పాఠశాలకు పోయి అక్షరములు నేర్చిన స్త్రీలు, తమ యిండ్ల సుఖము సారాదుకాణమున కఱగిపోవుచున్నదని గ్రహించి, దుకాణమునకు ఎదురునిలిచిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపింపగా 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారాయి నిషేధింపబడినది. గృహహింసనుండి స్త్రీలను రక్షించు చట్టము 2005లో వచ్చినది. 2006 అక్టోబరునుండి అమలైనది. పెద్దలారా, తన్నులుతిని వచ్చిన ఆడపిల్లతో "సర్దుకొనుము తల్లీ" యని చెప్పి పంపుట పెద్దఱికము కాదు. ఆమెకు తోడై నిలుచుట, అవసరమైనచో అధికారులయొద్దకు వెంట పోవుట పెద్దఱికము. ఊరిలో నలుగురు పెద్దలు ఆ మాటపై నిలిచినచో చేయెత్తువానికి జంకు కలుగును.

చివరగా, పిల్లలు దూరమైన యిండ్ల సంగతి. కొడుకు హైదరాబాదులో, కూతురు అమెరికాలో, కోడలు కువైటులో. ఇంట అవ్వయు తాతయు, ఒకప్పుడు వారి చేతిలో ఒక మనుమరాలు. ఇట్టి యిండ్లు మన పల్లెలలో ఎన్నియో కలవు. "ఫోను చేయరు" అని పెద్దలు నొచ్చుకొందురు. "ఫోను చేసినచో సణుగుదురు" అని పిల్లలు వెనుదీయుదురు. దీనికి శాసనము చెక్కించినవారి యుపాయమే మంచిది. కొలత యేర్పఱచుకొనుడు. వారమున కిన్ని దినములు, ఇన్ని గంటలకు, పదినిమిషములు చాలును. ఆ పదినిమిషములలో "ఎప్పుడు వచ్చెదవు?" అని మొదట అడుగక, "నేడేమి వండుకొంటివి?" అని యడుగుడు. మన పెరటి కొబ్బరిచెట్టు సంగతి చెప్పుడు. దూరముననున్నవారికి మన కష్టములకంటె మన పెరడు ఎక్కువ ఆకలి తీర్చును. దగ్గఱనున్న మనుమరాలికి తల్లి ఫోటోను చూపి, ఆమె అక్కడ చేయుచున్న పనిని గౌరవముతో చెప్పుడు. ఆ పిల్ల రేపు ఏ యింట అడుగుపెట్టినను పనిని చిన్నచూపు చూడదు.

"ఈ వయస్సున ఇప్పుడు మాఱుట యెట్లు?" అని మీరు ప్రశ్నింపవచ్చును. ఇంటిలో చిన్నవాడు మాఱినచో ఒకడు మాఱినట్లు. పెద్దవాడు మాఱినచో ఇల్లు మాఱినట్లు. ఏలయన తక్కినవారందఱును ఆయన ముఖమును చూచి నడుచుకొందురు. తాత కంచము తీసి కడిగిన యింట మనుమనికి ఆ పని నేర్పనక్కఱలేదు.

నేను మిమ్ము కోరునది అధికము కాదు. నేడు మొదలుకొని ఏడు దినములు దినమునకు ఒక్క ఇంటిపనిని మీ వంతుగా తీసికొనుడు. ఒక్కపూట అందఱితో కలసి భుజింపుడు. చేసినవారి పనిని ఒక్కమాటతో గుర్తింపుడు. ఎనిమిదవ దినమున ఇంటివారు చెప్పకయే మీకు తెలియును, ఆ పని మీది యని. ఈ ప్రసంగమును వినుచున్న యీ వేళ మీ యింట వంట జరుగుచున్నదేమో! రేడియోను కొంచెము బిగ్గఱగా పెట్టి, ఆమెకు వినబడునట్లుగా, మీరు లేచి ఆ వంటయింటికి పొండు. నాకు సెలవు.